పైన్ ఆకుల టీ: మూడు రకాల ప్యాకెట్లలో కొనదగ్గది ఏది, దాన్ని కాచడం ఎలా

పైన్ ఆకుల టీ పేరుతో ఆన్‌లైన్‌లో మూడు రూపాల్లో సరుకు దొరుకుతోంది: కత్తిరించి ఎండబెట్టిన విడి ఆకు, టీ బ్యాగులు, మెత్తటి పొడి. మూడింటిలో డబ్బు పెట్టదగ్గది విడి ఆకు ఒక్కటే. టీ బ్యాగులు అత్యవసరానికి సరిపోతాయి, పొడి మాత్రం వద్దు. ఇంకో మాట ముందే చెప్పాలి. జలుబు చేసి గొంతు పట్టేసినప్పుడు వేడివేడిగా తాగడానికి ఇది మంచి పానీయం. నిమ్మతొక్క, కర్పూరం కలిసినట్టు వచ్చే ఆ వాసనకి మూసుకుపోయిన ముక్కు కాస్త తెరిపిన పడుతుంది. అంతకు మించి ప్యాకెట్ల మీద రాసే గొప్పల్లో చాలావాటికి ఆధారం లేదు. వాటి సంగతి కింద విడిగా చెబుతాను.

విడి ఆకు ఎందుకు మేలంటే, పైన్ ఆకు మీద మైనం పొర ఉంటుంది. ఆకు లోపల సన్నటి గొట్టాల్లో జిగురు ఉంటుంది, వాసన ఉండేది దాంట్లోనే. ఆకును సెంటీమీటరు ముక్కలుగా కోసి ఎండబెడితే కోసిన కొనల దగ్గర తప్ప వాసన బయటికి పోదు, నెలల తరబడి నిలుస్తుంది. టీ బ్యాగుల్లోకి వెళ్లేది దాదాపు నూక. అంత సన్నగా నలిగిన ఆకులోంచి సువాసన ప్యాకింగ్ నాటికే సగం ఎగిరిపోతుంది. మిగిలే వగరు, చేదు మాత్రం మన కప్పులోకి వస్తాయి. తూకం కూడా చూసుకోండి. ఒక్కో బ్యాగులో సాధారణంగా గ్రాము, గ్రామున్నర ఆకు ఉంటుంది. ఒక కప్పుకి అది చాలదు, రెండు వేయాల్సి వస్తుంది. ఇరవై బ్యాగుల పెట్టె అంటే చేతికొచ్చేది ముప్పై గ్రాముల లోపు ఆకే. ధర పోల్చేటప్పుడు పెట్టె ధర కాకుండా గ్రాము ధర లెక్కేయండి.

పొడి ఎందుకు వద్దంటున్నానంటే, దాన్ని వడకట్టడం కుదరదు. ఆకులోని జిగురు, పీచు అన్నీ కడుపులోకి పోతాయి. నీళ్లలో కరగక అడుగున ఇసుకలా పేరుకుంటుంది, గొంతులో గరగరలాడుతుంది, ఖాళీ కడుపున తాగితే వికారం పుట్టే అవకాశం ఉంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. పొడిగా నలిగాక అది ఏ చెట్టు ఆకో కంటితో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఈ టీ విషయంలో అది చిన్న లోపం కాదు.

ప్యాకెట్ తిప్పి చూడగానే మొదట వెతకాల్సింది శాస్త్రీయ నామం. పైన్ అని మాత్రమే రాసి ఉంటే పక్కన పెట్టేయండి. కొరియా నుంచి వచ్చే సరుకు ఎక్కువగా పైనస్ డెన్సిఫ్లోరా, అంటే వాళ్ల ఎర్ర పైన్. కొరియన్లకి ఈ ఆకు కొత్త కాదు. చుసోక్ పండక్కి చేసే సోంగ్‌ప్యోన్ అనే బియ్యప్పిండి వంటకాన్ని పైన్ ఆకులు పరిచి వాటి మీదే ఆవిరికి ఉడికిస్తారు, దీంతో టీ కూడా కాస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లకి కొరియన్ కిరాణా కొట్లలో దొరికేది ఇదే రకం, రుచిలో మెత్తగా ఉంటుంది. అమెరికా సరుకులో పైనస్ స్ట్రోబస్ అని ఉంటే అది తూర్పు తెల్ల పైన్. చేదు తక్కువ, నిమ్మ వాసన ఎక్కువ, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అన్నిటికంటే అనువైనది. మన దేశంలో హిమాలయాల పేరుతో అమ్మేదాంట్లో రెండు రకాలుంటాయి. పైనస్ రాక్స్‌బర్గీ అంటే చీడ్, పైనస్ వల్లిచియానా అంటే నీలి పైన్. చీడ్ చెట్టు నుంచే టర్పెంటైన్ తీస్తారు, ఆ ఘాటు టీలోనూ తెలుస్తుంది. రెండూ దొరికితే నీలి పైన్ తీసుకోండి.

తర్వాత రంగు. మంచి ఎండు ఆకు పాలిపోయిన ఆకుపచ్చగా ఉంటుంది. గడ్డిలా గోధుమ రంగులో ఉంటే అది చెట్టు మీద నుంచి కోసినది కాదు, కింద రాలినదైనా అయ్యుండాలి, ఎండలో పడేసి ఎండబెట్టినదైనా అయ్యుండాలి. ఉత్తరాఖండ్‌లో ఈ రాలిన చీడ్ ఆకుని పిరుల్ అంటారు. వేసవిలో అడవులు తగలబడటానికి అదొక ముఖ్య కారణం కాబట్టి అక్కడి ప్రభుత్వమే ఏరించి కొంటోంది, 2024లో కిలోకి యాభై రూపాయలు ప్రకటించింది. ఇంధనపు ఇటుకలకి, బుట్టల అల్లికకి పిరుల్ చక్కటి ముడిసరుకు, టీకి మాత్రం పనికిరాదు. అందులో సువాసన మిగలదు, నేల మీద పడి ఉన్నది కాబట్టి బూజు, మట్టి అంటుకుని ఉంటాయి. అమెరికాలోని జార్జియా, కరొలైనాల్లో మొక్కల మొదట్లో పరచడానికి అమ్మే పైన్ స్ట్రా కట్టలదీ ఇదే కథ. పైగా వాటిలో కొన్నిటికి రంగు వేసి ఉంటుంది.

ప్యాకెట్ విప్పాక నాలుగు ముక్కలు తీసి వేళ్ల మధ్య విరవండి. పుటుక్కున విరగాలి, విరిగిన చోట ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే వాసన తగలాలి. వంగిపోతే తేమ ఉందని, లోపల బూజు పట్టొచ్చని గుర్తు. గోధుమ రంగు కాగితం పొరల్లాంటి తునకలు ఎక్కువ కనిపిస్తే, ఆకుల మొదట్లో ఉండే తొడుగులు తీయకుండానే కోసేశారన్నమాట. విషమేమీ కాదుగానీ దుమ్మంతా ఆ తొడుగుల్లోనే పేరుకుంటుంది, రుచిని మట్టిలా చేస్తుంది. మన దేశంలో కొంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయో లేదో చూడండి. అగరుబత్తి లేదా అలంకరణ సామగ్రి విభాగంలో అమ్మే పైన్ ఆకులు చౌకగా దొరికినా తాగడానికి వాడొద్దు.

ఇక కాచడం. మన ఇళ్లలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కషాయం అనగానే మనకి తెలిసిన పద్ధతి ఒకటే: రెండు గ్లాసుల నీళ్లు పోసి, శొంఠి, మిరియాలు, తులసి వేసి సగానికి మరిగించడం. శొంఠికి, మిరియాలకి ఆ పద్ధతి బాగా నప్పుతుంది. పైన్ ఆకుని అలా మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో మాత్రం వాసన ఉండదు. ఆకులోని పరిమళ తైలాలు ఆవిరితో పాటు లేచిపోతాయి. సి విటమిన్ ఉన్న కాస్తా వేడికి దెబ్బతింటుంది. లేచిపోనివి జిగురు, వగరు, చేదు. పది నిమిషాలు మరిగిన పైన్ కషాయం పెయింటు డబ్బా దగ్గర వచ్చే వాసన వేస్తుంది. ప్యాకెట్ బాగాలేదని రివ్యూ రాసేవాళ్లలో చాలామందికి ఎదురైన ఇబ్బంది ఇదే. తప్పు ఆకుది కాదు, మంటది.

పావు లీటరు నీళ్లకి ఎండు ఆకైతే మూడు గ్రాములు, అంటే పెద్ద చెంచా నిండుగా. పచ్చి ఆకైతే ఎనిమిది నుంచి పది గ్రాములు, సన్నగా కోసి. నీళ్లు తెర్లగానే స్టవ్ ఆపేసి, మూత తీసి రెండు మూడు నిమిషాలు ఆగండి. తెర్లడం పూర్తిగా అణిగి, పైన ఆవిరి మాత్రం లేస్తున్నప్పుడు ఆకు వేయాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకి ఎనభై, ఎనభై అయిదు డిగ్రీలు లెక్క. వేసిన వెంటనే బిగుతైన మూత పెట్టండి. ఎండు ఆకుకి ఎనిమిది పది నిమిషాలు, పచ్చి ఆకుకి పదిహేను. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు పట్టిన చెమ్మని తిరిగి గిన్నెలోకే జారనివ్వండి. లేచిపోబోయిన సువాసనంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది.

వడకట్టడానికి మామూలు టీ జల్లెడ చాలదు. పైన్ ఆకు కొన సూదిలాంటిదే, చిన్న ముక్క జారినా గొంతులో గుచ్చుకుంటుంది. సన్న జల్లెడ మీద పలచటి నూలు గుడ్డ వేసి వడకట్టండి. దిగినది లేత పసుపు లేదా పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, తేటగా ఉండాలి. పైన సన్నటి నూనె తళుకు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది ఆకు తైలమే. తెట్టులా మందంగా కట్టిందంటే మాత్రం ఆకు ఎక్కువైంది, లేదా మిక్సీలో తిప్పారు. మిక్సీ అసలు వాడొద్దు. జిగురంతా ఒక్కసారిగా బయటికొచ్చి టీ మడ్డిగా అవుతుంది, జార్‌కి పట్టిన జిగురు వదిలించడం ఇంకో పని.

టీ గోధుమ రంగుకి తిరిగితే ఎక్కువసేపు నానిందని, లేదా ఆకు పాతదని అర్థం. నల్లగా మారితే నీళ్లని అనుమానించండి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే ఆకులోని వగరుతో కలిసి రంగు నల్లబడుతుంది, ఇనప మూకుడులో కాచినా అంతే. స్టీలు గిన్నె, ఫిల్టర్ నీళ్లు వాడితే సరిపోతుంది. రుచీ పచీ లేకుండా వేడినీళ్లలా ఉంటే పచ్చి ఆకుని కోయకుండా నిలువుగా వేసి ఉంటారు. మైనం పొర వల్ల కోయని ఆకులోంచి ఏమీ దిగదు. ఫ్లాస్కులో ఆకుతో సహా పోసి ఆఫీసుకి పట్టుకెళ్లడం కూడా వద్దు, మధ్యాహ్నానికి నోట పెట్టుకోలేనంత చేదెక్కుతుంది. వడకట్టాకే ఫ్లాస్కులో పోసుకోండి.

తేనె, నిమ్మరసం గోరువెచ్చగా అయ్యాక కలపండి. చిన్న అల్లం ముక్క దంచి ఆకుతో పాటే వేయొచ్చు. మిరియాలు, లవంగాలు వేస్తే ఈ ఆకు వాసన పూర్తిగా అణిగిపోతుంది, అప్పుడు ఖరీదు పెట్టి పైన్ కొనడం దండగ. పాలు అసలు పొసగవు.

పచ్చి ఆకు రుచికి ఏ ప్యాకెట్టూ సాటి రాదు. ముఖ్యంగా వసంతంలో వచ్చే లేత చిగుళ్లది. కానీ చెట్టు తెలియకపోతే దాని జోలికే వెళ్లొద్దు. ఈ మాట న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి చోట్ల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ముఖ్యంగా పట్టించుకోవాలి. అక్కడ ఇంటి ముందు కిటికీల కింద గుబురుగా కత్తిరించి పెంచే ముదురాకుపచ్చ పొదలు చాలాచోట్ల యూ (yew) అనే మొక్కలు. వాటి ఆకు ప్రాణాంతకం. అందులోని టాక్సిన్లు గుండె లయని దెబ్బతీస్తాయి, మరిగించినా, ఎండబెట్టినా విషం పోదు. గుర్తు పట్టడం ఇలా: యూ ఆకు చదునుగా, చిన్నదిగా ఉంటుంది, కొమ్మకి రెండు పక్కలా ఒక్కొక్కటిగా దువ్వెన పళ్లలా అమరి ఉంటుంది, నలిపితే జిగురు వాసన రాదు. ఆడ మొక్కకి ఎర్రటి మెత్తని కాయలు కాస్తాయి. పైన్ ఆకులు సాధారణంగా ఒక్కొక్కటిగా రావు. రెండు, మూడు, అయిదు చొప్పున ఒకే తొడుగులోంచి కట్టలా వస్తాయి. తెల్ల పైన్‌కి, మన నీలి పైన్‌కి అయిదు. చీడ్‌కి, షిల్లాంగ్ వైపు పెరిగే ఖాసీ పైన్‌కి, హ్యూస్టన్, అట్లాంటా చుట్టుపక్కల ఎక్కడ చూసినా కనిపించే లాబ్‌లాలీ పైన్‌కి మూడు. కొరియా ఎర్ర పైన్‌కి రెండు. కట్ట కనిపించకపోతే కోయకండి.

మన దగ్గర ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. బాపట్ల నుంచి విశాఖ దాకా సముద్రం ఒడ్డున పెరిగే సరుగుడు చూడ్డానికి పైన్‌లాగే ఉంటుంది, కానీ చుట్టమే కాదు. దాని ఆకులా కనిపించే పుల్లని రెండు చేతులతో పట్టి లాగితే గణుపు దగ్గర ఊడి వస్తుంది, గణుపు చుట్టూ చిన్న చిన్న పొలుసులు కనిపిస్తాయి. నిజమైన ఆకులు ఆ పొలుసులే. పైన్ ఆకుకి గణుపులు ఉండవు. కుండీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మే అరౌకేరియా పైన్ కాదు, పెరట్లో పెంచే మోర్‌పంఖీ కూడా కాదు. మోర్‌పంఖీ థూజా కుటుంబపు మొక్క, అందులోని థుజోన్ అనే పదార్థం ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. డిసెంబరులో ఇంట్లో నిలబెట్టి తీసేసిన క్రిస్మస్ చెట్టు ఆకు నిజమైన పైన్‌దే అయినా వాడొద్దు, వాటి మీద రంగులు, మంట అంటకుండా చల్లే రసాయనాలు ఉండొచ్చు. మూలికల దుకాణంలో తాలీసపత్రం తెచ్చి దీనికి బదులు వాడదామని కూడా అనుకోకండి. గ్రంథాల ప్రకారం అది ఫర్ చెట్టు ఆకు, కానీ ఆ పేరుతో యూ ఆకు కూడా బజారులో అమ్ముడవుతోంది.

ఆరోగ్యం గురించి చెప్పుకునే మాటల్లో అందరూ మొదట ఎత్తేది సి విటమిన్. దీనికి చరిత్ర ఉంది. 1535-36 చలికాలంలో కెనడాలో ఇప్పటి క్యుబెక్ దగ్గర చిక్కుకుపోయిన ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే మనుషులు, సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో చచ్చిపోతుంటే, అక్కడి స్థానికులు ఒక సతత హరిత వృక్షపు ఆకు, బెరడు కాచి తాగమని చెప్పి కాపాడారు. అది ఏ చెట్టన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు, కొందరు మాత్రం పైన్ అనే రాసేస్తున్నారు. 1941లో మొదలైన, సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్ మీద జర్మన్ల ముట్టడిలో పళ్లూ కూరగాయలూ కరువై, పైన్ ఆకు రసం తీసి జనానికి పంచారన్నది మాత్రం గట్టి సంగతి. వాళ్లకి వేరే దారి లేదు. మనకి జామపండు ఉంది, ఉసిరి ఉంది. మధ్య రకం జామపండు ఒక్కటి తింటే రోజుకి కావలసిన సి విటమిన్ మించే వస్తుంది. ఎండు ఆకులో ఆ విటమిన్ చాలావరకు పోయే ఉంటుంది కాబట్టి, ఎండు ఆకు ప్యాకెట్ మీద సి విటమిన్ పెద్దక్షరాలతో కనిపిస్తే ఆ కంపెనీ మిగతా మాటలు కూడా జాగ్రత్తగా చదవండి.

2021లో ఇంకో ప్రచారం నడిచింది, ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది: పైన్ ఆకులో సురమిన్ అనే మందు ఉందని, కొవిడ్ టీకా ప్రభావాన్ని అది తీసేస్తుందని. సురమిన్ ఏ మొక్కలోనూ ఉండదు. అది ప్రయోగశాలలో తయారైన మందు, ఆఫ్రికా నిద్ర జబ్బుకి ఇంజెక్షనుగా ఇస్తారు. షికిమిక్ ఆమ్లం సంగతి వేరే. అది పైన్ ఆకులో నిజంగానే ఉంది, ఫ్లూ మందు టామిఫ్లూ తయారీకి ముడిసరుకు కూడా. కానీ ఆ ముడిసరుకుని కంపెనీలు ప్రధానంగా తీసింది మన బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి. బిర్యానీ తిన్నంత మాత్రాన ఫ్లూ తగ్గదు కదా, ఇదీ అంతే. కఫం పలచబడటం, ముక్కు తేలికపడటం అనేవి వేడి పానీయం, దాని ఆవిరి చేసే పనులు. ఆ మేరకు ఈ టీ హాయిగానే పనిచేస్తుంది. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, ఆయాసం వస్తే టీలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గర్భిణులు ఏ రకం పైన్ టీ అయినా తాగకూడదు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో పాండరోసా పైన్ ఆకు మేసిన ఆవులకి గర్భస్రావం అవడం పశువైద్యులకి బాగా తెలిసిన విషయం. దానికి కారణమైన ఐసోకుప్రెసిక్ ఆమ్లం ఇంకొన్ని పైన్ జాతుల్లోనూ ఉంది. పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కూడా దీనికి దూరంగా ఉండటం మంచిది. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఘాటు వాసనలు పడకపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. మిగతావాళ్లు కూడా మొదటిసారి అర కప్పు తాగి ఒక పూట చూడండి, దద్దుర్లు, దురద లేకపోతే రోజుకి ఒక కప్పు చాలు. అరోమా దుకాణాల్లో దొరికే పైన్ ఎసెన్షియల్ ఆయిల్ చుక్క కూడా టీలో వేయకండి. అది మింగేది కాదు, విషం.

తెరిచిన ప్యాకెట్ గాజు సీసాలో, చీకట్లో, స్టవ్‌కి దూరంగా పెడితే ఆరు నెలలు బాగానే ఉంటుంది. పచ్చి ఆకుని కడిగి, తడి లేకుండా తుడిచి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు నిలుస్తుంది, ఎండబెట్టాలంటే నీడలోనే ఆరబెట్టండి. కోసిన కత్తెరకి, గిన్నె అంచుకి పట్టిన జిగురు సబ్బుతో వదలదు. ముందు కొబ్బరి నూనె రాసి రెండు నిమిషాలాగి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

వాసన తగ్గిపోయిన పాత విడి ఆకు మిగిలితే టీకి వాడి లాభం లేదు. గుప్పెడు ఆకు మరిగే నీళ్లలో వేసి, దించి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టండి. టీకి చాలని ఆ కాస్త వాసన ఆవిరికి సరిపోతుంది.